కారు కన్నా ముందు పుట్టినవారు

వెర్రి వెయ్యి విధాలంటారు గానీ, కాకినాడ గాంధీనగరంలో ఉండే ముక్కామల విశ్వపతిగారి వెర్రి మాత్రం ఒక్కటే విధం. ఆయనకి కారు వెర్రి. లోకంలో ఉన్న కార్లన్నిటి మీదా కాదు, ఇంటి ముందు రేకుల షెడ్డులో ఉన్న ఆ ఒక్క నల్లకారు మీద. యాభై మూడో సంవత్సరపు కారు. ఎవరో విలాయతీ కంపెనీ దొర ఊరు విడిచిపోతూ అమ్మేస్తే విశ్వపతిగారి నాన్నగారు కొన్నారు. పోర్టు ఆఫీసులో రిటైరయ్యాక విశ్వపతిగారికి ఆ కారే ఉద్యోగం. పొద్దున్నే లేచి దానికి స్నానం చేయించి, ఒళ్ళు తుడిచి, బానెట్టు ఎత్తి కుశలం కనుక్కుని, ఆ తర్వాతే కాఫీకి వచ్చేవారు. ఇంట్లోకి మంచి సబ్బొస్తే ముందు కారుకి, మిగిలితే మనుషులకి.

ఆయన భార్య హైమవతిగారు ఆ కారెక్కడం మానేసి చాలా ఏళ్ళయింది. కారణం పెద్దదేం కాదు. ఓసారి ఇద్దరూ అన్నవరం బయల్దేరారు. పిఠాపురం దాటాక ఆవిడేదో చెప్పబోతే ఈయన ఇంజను చప్పుడు వింటున్నాను, కాస్త ఉండమన్నారు. కత్తిపూడిలో ఆవిడ మళ్ళీ ఎత్తుకున్నారు. మళ్ళీ ఉండమన్నారు. ఆవిడ అన్నవరంలో దిగి, వ్రతం చేసుకుని, ప్రసాదం విస్తరాకు పొట్లం ఒళ్ళో పెట్టుకుని ఆర్టీసీ బస్సులో ఇంటికొచ్చేశారు. ఇంట్లో పాట వినబడితే గానీ పోపు నూనెలో వెయ్యని మనిషి ఆవిడ. ఆ కారులో ఇంజను కాకుండా పాట వినబడిన రోజున ఎక్కుతానని సత్యదేవుడి మీద ఒట్టేసి చెప్పారు.

అప్పట్నించీ విశ్వపతిగారి పక్క సీటు ఖాళీ. మొదట్లో ఆయనకి అది హాయిగానే ఉంది. పోనుపోను బెంగ పట్టుకుంది. మెయిన్ రోడ్డు మీద వెళ్తుంటే తెలిసినవాళ్ళు కారుని చూసి, పక్క సీటుని చూసి, అమ్మగారు కులాసానా అని అడిగేవారు. ఆ ప్రశ్నకి జవాబుగా ఆయన హారను మోగించి ముందుకి పోయేవారు. ఆవిడంటే ఆయనకి ప్రాణం. ఆ సంగతి కారుకి తప్ప ఎవరికీ చెప్పలేదంతే.

అందుకని ఓ రోజు మనసు రాయి చేసుకుని కారుని జగన్నాథపురంలో మస్తాన్ దగ్గరికి తీసుకెళ్ళారు. కారులో ఒరిజినల్ రేడియో ఒకటుంది. అది మూగబోయి చాలా కాలమైంది. దాని ముఖం ముఖంలాగే ఉంచి, లోపల మాత్రం కొత్త సరంజామా పెట్టాలి. ఎక్కడా ఒక్క మేకు కూడా కొత్తది కనబడకూడదు. కారులో ఏదైనా కొత్తది కనబడితే తన తండ్రి కనబడకుండా పోయినట్టే అని మస్తాన్‌కి చెప్పారు. మస్తాన్ పనిమంతుడు. సీటు కింద ఆంప్లిఫయరు, వీపు వెనక గుడ్డ చాటున స్పీకర్లు, డిక్కీలో స్టెప్నీ కింద వేరే బ్యాటరీ, తివాచీ అడుగునుంచి వైర్లు. ఫోను జేబులో ఉంటే చాలు, పాట గాలిలోంచి వచ్చి కారులో పలుకుతుంది. పాత రేడియో మరనే తిప్పితే గొంతు హెచ్చుతుంది, తగ్గుతుంది. కారుని ఇంటికి తెచ్చి, ఆవిడని పిలిచి ఎక్కించుకుందామని విశ్వపతిగారు పెళ్ళికొడుకులా ఉరకలు వేస్తున్నారు. సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి నోటీసొచ్చింది.

పాత వస్తువులంటే దేశమంతా మోజు పుట్టిన రోజులవి. ఆ మోజుని క్రమబద్ధం చెయ్యడానికి పురాతన వాహన గౌరవ పరిరక్షణ సంస్థ అని ఒకటి వెలిసింది. పాతకారు ఉన్నవాళ్ళందరూ రాబోయే వైభవ యాత్రలో కారుతో సహా పాల్గొనాలి. పాల్గొనాలంటే గౌరవ పత్రం ఉండాలి. పత్రం లేని కారుని సంస్థవారు తమ ఆవరణలోకి తరలించి భద్రపరుస్తారు. ఆ భద్రత ఎలాంటిదో ఊరందరికీ తెలుసు. కిందటేడు ఒక రైసుమిల్లు ఆసామి కారుని అలాగే భద్రపరిచారు. ఇప్పుడు దాని మీద సొరపాదు పాకింది, లోపల కోడి పొదిగింది. కాయలు మాత్రం లేతగా ఉంటాయట.

గౌరవ పత్రానికి నిబంధనలు చాలా ఉన్నాయి గానీ ప్రాణమంతా పదకొండోదానిలో ఉంది. పురాతన వాహనమునందు సదరు వాహనము జన్మించిన పిమ్మట జన్మించిన ఏ పదార్థమును ప్రేక్షకుని కంటికి కనబడరాదు. అదీ నిబంధన. చదివి విశ్వపతిగారు తెగ సంతోషించారు. కనబడకూడదనే కదా తను మస్తాన్ ప్రాణం తీసింది. ఇంతకాలానికి తనలాంటి ఆలోచన ఉన్నవాళ్ళు గవర్నమెంటులో పుట్టారనుకున్నారు. కొత్త రేడియో సంగతి కూడా దాచకుండా దరఖాస్తు పెట్టారు.

పరీక్షకి వచ్చినాయన పేరు గుమ్ములూరి వరహాలు. మర్యాదస్తుడు. చెప్పులు గేటు దగ్గరే విడిచి, కారుకి దణ్ణం పెట్టి, దరఖాస్తులో ఆధునిక శబ్ద పరికరం అమర్చినట్టు రాశారే, అదెక్కడుందని అడగబోయి నాలిక్కరుచుకున్నాడు.

"చూడండి, నా ధర్మసంకటం," అన్నాడు వరహాలు. "తమ పెట్టె నాకు కనబడిందనుకోండి, కనబడరాదు కాబట్టి తమరు ఫెయిలు. కనబడలేదనుకోండి, అది ఉన్నట్టు రుజువు లేదు. లేనిదాన్ని దాచారని నేను సంతకం ఎలా పెట్టను?"

మరి మిగతా ఊళ్ళలో ఏం చేస్తున్నారని విశ్వపతిగారు అడిగారు. వెతకాలి గానీ దొరక్కూడదని తమకి వారం రోజులు శిక్షణ ఇచ్చారని వరహాలు చెప్పాడు. ఇద్దరూ కాసేపు ఆలోచించుకుని చివరికి ఒక మార్గం కనిపెట్టారు. హైమవతిగారు ఉతికి ఆరేసిన తువ్వాలు ఒకటి తెచ్చి వరహాలు కళ్ళకి గంతలు కట్టారు. చెయ్యి పట్టుకుని కారులో కూర్చోబెట్టారు. విశ్వపతిగారు ఫోను నొక్కారు. పాత పాట ఒకటి, సన్నాయి ముక్కతో మొదలయ్యేది, సీటులోంచీ తలుపులోంచీ పైకప్పులోంచీ ఒక్కసారి లేచింది. వరహాలు గంతల మీద చెయ్యి పెట్టుకుని ఇంకోటి వెయ్యమన్నాడు. ఇంకోటి వేశారు. తన నాయనమ్మ గుర్తొచ్చిందని చెప్పి, మూడోదానికి కాఫీ కూడా పుచ్చుకుని, గంతలు విప్పకుండానే చేతి తడుముడుతో రాసేశాడు. శబ్దము కలదు. కారకము కానరాదు. తృప్తికరము.

ఆ పాటలకి హైమవతిగారు వీధి అరుగు దాకా వచ్చారు. తర్వాత గేటు దాకా వచ్చారు. కారు తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ఇంకో నిమిషం ఆగితే ఎక్కేవారే. ఈలోగా వరహాలు గంతలు విప్పుకున్నాడు. విప్పుకున్నవాడు ఊరుకోక టైర్లు చూశాడు. ఈ గొడవ తేలాక చూద్దామని ఆవిడ లోపలికెళ్ళిపోయారు.

టైర్లు కిందటి సంవత్సరపువి. పదకొండో నిబంధనలో శబ్ద పరికరమని ప్రత్యేకం లేదు, ఏ పదార్థమును అని ఉంది. కాబట్టి టైర్లు కనబడకూడదు. టైర్లు చూసిన కన్ను వైపర్లు చూసింది. వైపర్లు చూసిన కన్ను దీపాల్లో బల్బులు చూసింది, సీటు తొడుగులు చూసింది, నంబరు ప్లేటు చూసింది. పెట్రోలు మాత్రం టాంకులో ఉంటుంది కాబట్టి మన్నించాడు. విశ్వపతిగారు రెండు రోజులు కూర్చుని నాలుగు చక్రాలకీ గోనెగుడ్డ కుచ్చిళ్ళు కుట్టించారు. దీపాలకి నల్లకాగితం అంటించారు. నంబరు ప్లేటు మీద ముసుగేశారు. అది చూసి ట్రాఫిక్ కానిస్టేబులు ఫైను రాశాడు. ముసుగు తీస్తే సంస్థవారు రాస్తారు, వేస్తే వీరు రాస్తారు. కారు చూడ్డానికి ఘోషా పాటించే జమీందారిణిలా తయారయింది. అయినా ఆయన ఓర్చుకున్నారు. ఆవిడ ఎక్కితే చాలు.

వరహాలు మళ్ళీ వచ్చి, చుట్టూ తిరిగి చూసి, శభాష్ అన్నాడు. తర్వాత డ్రైవరు సీటులో కూర్చున్న విశ్వపతిగారిని కాసేపు అలాగే చూశాడు. తమరి జననం ఎప్పుడని చాలా నెమ్మదిగా అడిగాడు. ఈయన యాభై అయిదన్నారు. వరహాలు ముఖం పాపం వాడిపోయింది.

కారు కన్నా రెండేళ్ళు తర్వాత పుట్టిన పదార్థం స్టీరింగు వెనక నిక్షేపంగా కనబడుతోంది.

విశ్వపతిగారు పెద్దాఫీసుకి వెళ్ళారు. ఆ ఆఫీసు దొరలనాటి బంగళాలో ఉంది. నిబంధనని ఇతరులకి చెప్పేముందు తాము పాటించాలనే నిజాయితీ వాళ్ళకుంది. బంగళా కన్నా తర్వాత పుట్టిన గుమాస్తాలందరూ తెరల వెనక కూర్చుంటారు. అందరూ తర్వాత పుట్టినవాళ్ళే. కంప్యూటర్ల మీద పట్టుగుడ్డ కప్పి, గుడ్డ కిందికి చేతులు పోనిచ్చి టైపు చేస్తారు. లోపలికి వెళ్ళినవాళ్ళకి తెరలు కనబడతాయి, దగ్గులు వినబడతాయి. విశ్వపతిగారు మొదటి తెరకి తన గోడంతా వెళ్ళబోసుకున్నారు. చాలాసేపయ్యాక పక్క తెర జాలిపడి, అది కిటికీ అని చెప్పింది.

ప్రాంతీయ ప్రాచీనతాధికారి నిట్టల చిదానందంగారు అన్నిటికన్నా దళసరి తెర వెనక ఉంటారు. గొంతు మాత్రం గంభీరంగా ఉంటుంది.

"విశ్వపతిగారూ, తమరి ఉనికిని సంస్థ ఆక్షేపించడం లేదు," అంది ఆ గొంతు. "తమరి దృగ్గోచరతని మాత్రమే ఆక్షేపిస్తోంది. తమరు వాహనంలో ఉండవచ్చు. కనబడవద్దు."

కనబడకుండా కారు నడపడం ఎలాగని ఈయన అడిగారు. అది సాంకేతిక విషయమనీ, సంస్థది సాంస్కృతిక దృక్పథమనీ జవాబొచ్చింది. పక్కన నా భార్య కూర్చుంటుందే అని ఈయన అన్నారు. ఆవిడ జననమెప్పుడని తెర అడిగింది. యాభై ఏడు. అయితే ఆమె మరింత ఆధునికమనీ, ఇద్దరికీ కలిపి ఒకే దుప్పటి వేసుకోవచ్చుననీ, దానికి రెండో దరఖాస్తు అక్కర్లేదనీ తెర సెలవిచ్చింది. యాత్ర నాటికి ఏదీ కుదరకపోతే కారుని ఆవరణకి పంపించమంది. సొరపాదు మాట ఈయన ఎత్తితే, అది దేశవాళీ విత్తనమనీ, చాలా ప్రాచీనమైనదనీ అంది.

ఆ సాయంత్రం విశ్వపతిగారు అన్నం ముందు కూర్చుని కలపకుండా ఉండిపోయారు. హైమవతిగారు ఏమైందని అడిగారు. ఆయన అంతా చెప్పారు. కారు పోతుందని చెప్పడం కన్నా ఆవిడ ఎక్కకుండానే పోతుందని చెప్పడం ఆయనకి కష్టమైంది. మొత్తానికి చెప్పేశారు. నువ్వెక్కుతావనే ఇదంతా చేశాను హైమా, అన్నారు.

ఆవిడ మజ్జిగ గిన్నె కింద పెట్టారు.

"నేను యాభైలో పుట్టానండీ," అన్నారు.

ఆయన సరిగ్గా వినలేదనుకుని, యాభై ఏడు కదా, అన్నారు. కాదు, యాభై, అన్నారావిడ. తల్లి లేని ఇంట్లో తమ్ముణ్ణి పెంచుతూ పెళ్ళీడు దాటిపోయింది. ఈ సంబంధం వచ్చింది. అన్నీ కలిశాయి గానీ పెళ్ళికొడుకు కన్నా పెళ్ళికూతురు అయిదేళ్ళు పెద్ద. లోకం ఒప్పుకుంటుందా? వాళ్ళ నాన్న జాతకంలో ఏడేళ్ళు కోసేసి, పిల్లని పెళ్ళికొడుకు కన్నా రెండేళ్ళు చిన్నదాన్ని చేశారు.

మా అమ్మకి తెలిస్తే ఊరుకునేదా అన్నారు విశ్వపతిగారు. కొయ్యమన్నది ఆవిడేనన్నారు హైమవతిగారు. పిల్ల నాకు నచ్చింది, ఏడేళ్ళు ఏ మూలకి, మావాడికి లెక్కలు రావు అని పెళ్ళిచూపుల్లోనే తేల్చేసిందట మహాతల్లి.

విశ్వపతిగారికి ఒక్కొక్కటే వెలగడం మొదలెట్టింది. ఆవిడ అన్నగారని తాను ఇన్నాళ్ళూ బావగారూ అని పిలుస్తున్న భాస్కరంగారు, ఆవిడని అక్కా అని ఎందుకు పిలుస్తారో ఇప్పటికి తెలిసింది. మా ఇంట్లో ఆడపిల్లల్ని అలా పిలవడం మొక్కు అని చెబితే నమ్మేశారు. ఒకటా రెండా, కాపురమంతా ఏ మాటొచ్చినా, చిన్నదానివి నీకేం తెలుసు అన్నారు. ఆ మాట ఎన్నిసార్లన్నదీ తలుచుకుని ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ మాత్రం, అన్నం చల్లారిపోతోంది, కలుపుకోండి, అన్నారు.

మర్నాడు ముగ్గురూ పెద్దాఫీసుకెళ్ళారు. భాస్కరంగారు రైల్వేలో చేసి రిటైరైన మనిషి, పెన్షను కాగితం ప్రకారం యాభై రెండులో పుట్టారు. తనని చెయ్యి పట్టుకుని పెంచిన అక్క ఈవిడేనని తెర ముందు చెయ్యెత్తి ప్రమాణం చేశారు. తెర వెనకనుంచి చిదానందంగారి గొంతు లెక్క కట్టింది. అక్క తమ్ముడికి పూర్వం. తమ్ముడు కారుకి పూర్వం. కావున అక్క కారుకి పూర్వం.

తెర కదిలింది. ఎవరూ ఎన్నడూ చూడని చిదానందంగారు, పొట్టి మనిషి, నిబంధనని కూడా మరిచిపోయి బయటికొచ్చి హైమవతిగారికి చేతులు జోడించారు.

"అమ్మా, తమరు మా పరిధిలోకి వస్తారు," అన్నారు.

అసలైన ప్రాచీనత కోసం తాము ఎన్నాళ్ళుగానో వెతుకుతున్నామని చెప్పి, ఆవిడకి కుర్చీ వేయించి, మరమ్మతులేమైనా జరిగాయా అని ఎంతో గౌరవంగా అడిగారు. ఆవిడ, శుక్లాలు తీసి కళ్ళలో అద్దాలు పెట్టారన్నారు. చిదానందంగారు కళ్ళలోకి వంగి చూసి, కంట్లో ఉన్నది కంటికి కనబడదు కాబట్టి అభ్యంతరం లేదని రాయించారు. శబ్ద పరికరం విషయంలో విశ్వపతిగారు పాటించిన సూత్రమే డాక్టరూ పాటించాడని మెచ్చుకున్నారు.

ఇక మిగిలింది నడిపేవాళ్ళెవరన్నది. స్టీరింగు దగ్గర కనబడదగిన మనిషి హైమవతిగారొక్కరే. ఆవిడకి డ్రైవింగు రాదు, లైసెన్సూ లేదు. చిదానందంగారు తెర వెనక్కి వెళ్ళిపోయి దీర్ఘంగా ఆలోచించి తీర్పు చెప్పారు. ఇంజను నడిస్తేనే అది నడపడం. ఇంజను నడవకపోతే అది కదలడం. కదలడానికి లైసెన్సు అక్కర్లేదు. మరి కదిల్చేదెవరు? నిబంధనలో వాహనమునందు అని ఉంది. వాహనము వెనుక అని లేదు. వెనక ఎంత ఆధునికులైనా ఉండవచ్చు.

భాస్కరంగారు నడుంనొప్పి అని ముందే చెప్పేశారు.

యాత్ర నాడు మెయిన్ రోడ్డంతా జనం. ముందు ఒక కారు ఆసాంతం దుప్పటి కప్పుకుని పరుపుచుట్టలా పోతోంది. దాని వెనక కారులో డ్రైవరు తల మీద బుట్ట బోర్లించుకుని, బుట్ట సందుల్లోంచి దారి చూసుకుంటున్నాడు. వేదిక కొత్తది, దాని మీద పెద్దలు ఇంకా కొత్తవాళ్ళు కావడం చేత వేదికకి కూడా తెర కట్టేశారు. యాత్రని చూడవలసినవాళ్ళు తెర వెనకనుంచి చప్పట్లు కొడుతున్నారు.

వీటన్నిటి మధ్య ముసుగు లేని ముఖం ఒక్కటే. హైమవతిగారు ముదురాకుపచ్చ పట్టుచీర కట్టుకుని, తలనిండా మల్లెపూలు పెట్టుకుని, స్టీరింగు మీద రెండు చేతులూ వేసి నిటారుగా కూర్చున్నారు. ఎటూ తిప్పొద్దు, తిన్నగా పట్టుకుంటే చాలని విశ్వపతిగారు పొద్దున్న నేర్పారు. ఫోను కొంగులో ముడేసి ఉంది. ఇంజను చడీచప్పుడూ లేకపోవడంతో పాట నిండుగా వినబడుతోంది. రోడ్డు పక్క కొబ్బరిబొండాల వాళ్ళు కత్తులు ఆపి వింటున్నారు. ఆవిడ పెదవులు పాటతో కదులుతున్నాయి.

డిక్కీ మీద రెండు చేతులూ ఆనించి, వంగి, విశ్వపతిగారు తోస్తున్నారు. చొక్కా తడిసిపోయింది. ఇన్నేళ్ళూ ఆవిడ పక్కన కూర్చుంటే బాగుండునని కోరుకున్నారు, ఇప్పుడు ఆవిడ కారులో ఉంటే తను లేరు. అయినా వెనక అద్దంలోంచి మల్లెపూలు కనబడుతున్నాయి. ఆయనకి ఎంత సంతోషంగా ఉందంటే, ఇంజను ఏమైపోయిందో ఆయనకి గుర్తే లేదు.

వేదిక దాటాక యాత్ర అయిపోయినట్టే. వరహాలు పరిగెత్తుకొచ్చి గౌరవ పత్రం కిటికీలోంచి లోపలికి అందించాడు. విశ్వపతిగారు నడుం నిఠారుగా చేసుకుని, చెమట తుడుచుకుని, డ్రైవరు సీటు వైపు నడిచారు. ముసుగులన్నీ పీకేసి, ఇంజను స్టార్టు చేసి, ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని ఇంటికి పోదామని చెప్పారు. ఆవిడ తలుపు తియ్యలేదు. పాట సగంలో ఉంది. రేడియో మర కాస్త హెచ్చించి, కిటికీలోంచి తల బయటికి పెట్టి ఆయన్ని తేరిపార చూశారు. పెళ్ళయిననాటి నుంచీ ఆయన్ని ఏవండీ అని తప్ప పిలవని మనిషి.

"సముద్రం దాకా పోదాం," అన్నారు. "తొయ్యవయ్యా."

సముద్రం ఇంకా చాలా దూరం. విశ్వపతిగారు చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు. పెద్దవాళ్ళు చెప్పాక కాదనకూడదు కదా. వెనక్కి వెళ్ళి, డిక్కీ మీద చేతులు ఆనించి, తోశారు.